విరిగిన మట్టి బొమ్మను చదవడం ఎలా: సింధు నాగరికత మృణ్మయాల ఆధారంగా ఒక సమగ్ర మార్గదర్శి

హరప్పా, మొహెంజోదారో వంటి సింధు నాగరికత స్థలాల్లో కుండపెంకుల తర్వాత విస్తారంగా బయటపడినవాటిలో అరచేతిలో ఇమిడే కాల్చిన మట్టి వస్తువులు ముఖ్యమైనవి. స్త్రీ పురుషుల బొమ్మలు, ఎద్దులు, బండ్లు, విడివిడిగా బండి చక్రాలు, పిట్ట ఆకారపు ఈలలు, కొమ్ములున్న చిన్న ముఖాలు, బుల్లి కుండలు, ముక్కోణపు బిళ్ళలు ఇలా రకరకాలుగా ఉన్న ఈ వస్తువుల్లో చాలా భాగం విరిగే దొరికాయి. సింధు లిపిని అందరూ ఒప్పుకొనే విధంగా ఇంతవరకు ఎవరూ చదవలేకపోయారు కాబట్టి, వీటి పేరేమిటో, వీటితో ఏ పని చేసేవారో చెప్పే రాత మనకు లేదు. ఆ మట్టి ముక్క, అది దొరికిన చోటు, దాని వంటి ఇతర ముక్కలు, ఈ మూడే మనకున్న ఆధారాలు.

పురావస్తు విద్యార్థులకు, మ్యూజియంలో జాబితాలు రాసేవారికి, తమ ఊరి పాటిదిబ్బ (పాత ఊరు పూడిపోయిన దిబ్బ) చరిత్రను శ్రద్ధగా తెలుసుకోవాలనుకునేవారికి ఉపయోగపడేలా ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఇందులో అడుగుల వరుస ముఖ్యం. "ఇది దేనికి వాడారు?" అన్న ప్రశ్న అందరికీ ముందుగా తోస్తుంది, కానీ దాన్ని చిట్టచివరనే అడగాలి. అంతకుముందు ఎలా చేశారు, ఎలా విరిగింది, విరిగాక ఏమైంది, ఎక్కడికి చేరింది అన్నవి తేలితే, ఉపయోగం గురించి మనం చెప్పే మాటకు బలం ఉంటుంది. అవి తేలకుండా చెప్పినది ఎంత అందంగా ఉన్నా ఊహే అవుతుంది.

మొదటి అడుగు: తాకక ముందే దొరికిన చోటును నమోదు చేయండి

మట్టి బొమ్మ విలువలో సగానికి పైగా అది పడి ఉన్న తీరులోనే ఉంటుంది. ఏ తవ్వకపు గుంటలో, ఏ పొరలో, ఎంత లోతున, బోర్లా పడి ఉందా, వెల్లకిలా ఉందా, చుట్టూ బూడిద ఉందా, ఎముకలు, పెంకులు ఉన్నాయా అన్నవన్నీ తీసేలోపే రాసుకొని, కొలబద్ద పక్కన పెట్టి ఫోటో తీయాలి. ఒకసారి ఎత్తి సంచిలో వేశాక ఆ సమాచారాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

తెలుగు నేలకూ ఇది వర్తిస్తుంది. కొండాపూర్, ధూళికట్ట, పెద్దబంకూరు, కోటిలింగాల వంటి శాతవాహన కాలపు స్థలాలు మనకున్నాయి. ఇటువంటి దిబ్బలను ఆనుకొని ఉన్న చేలలో వానలు పడ్డాక పెంకులు, పూసలు, బొమ్మ ముక్కలు పైకి తేలడం మామూలే. అలా కనిపించినదాన్ని ఇంటికి తెచ్చుకోవడం సరికాదు. భూమిలో దాగి దొరికిన, పది రూపాయలకు మించి విలువ చేసే వస్తువు గురించి కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. నూరేళ్ళు దాటిన ఇటువంటి కళావస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. కనిపించిన చోటనే ఉంచి, ఫోటో తీసి, స్థలం గుర్తు పెట్టుకొని, రెవెన్యూ అధికారులకో రాష్ట్ర పురావస్తు శాఖకో చెప్పడమే సరైన పద్ధతి.

మరొక జాగ్రత్త: వెంటనే కడగకండి. కాల్చిన తర్వాత పూసిన రంగు నీటికి సులభంగా పోతుంది. గిన్నె వంటి గుంటల్లో అంటుకున్న మసి, నూనె జాడ, మట్టి రేణువులు కూడా పోతాయి. పైన అంటిన మట్టిని మెత్తటి పొడి కుంచెతో కొద్దికొద్దిగా తీసి, లోపలి గుంటల్లోని మట్టిని పరీక్ష కోసం వేరుగా దాచాలి. సింధ్ ప్రాంతపు స్థలాల్లో నేల ఉప్పు మట్టిలోకి ఎక్కి, ఆరినప్పుడు పైపొరను పొట్టులా రాలుస్తుంది. అటువంటి ముక్కలను శుభ్రం చేసే పని సంరక్షణ నిపుణులకు వదిలేయడం మంచిది.

రెండవ అడుగు: పేరు పెట్టకుండా వర్ణించండి

"మాతృదేవత", "ఆటబొమ్మ", "మొక్కుబడి" అని జాబితాలో రాసిన క్షణంలోనే నిర్ణయం జరిగిపోతుంది, తర్వాత చదివేవారు దాన్ని వాస్తవంగా తీసుకుంటారు. మొహెంజోదారో తవ్వకాల వివరాలను సర్ జాన్ మార్షల్ 1931లో ప్రకటించినప్పుడు అక్కడి స్త్రీ బొమ్మలను మాతృదేవతలుగా గుర్తించారు. ఆ మాట పాఠ్యపుస్తకాల్లోకి వెళ్ళి ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ గుర్తింపు పూర్తిగా తప్పని నేను అనడం లేదు. అది ఒక వ్యాఖ్యానం, వర్ణన కాదు అంటున్నాను. జాబితాలో "నిలుచున్న స్త్రీ ఆకారం, విసనకర్ర వంటి తలకట్టు, దానికి రెండు వైపులా గిన్నెలు, మెడలో అతికించిన పట్టీలు, నడుముకు చిన్న వస్త్రం, కాళ్ళు మోకాళ్ళ కింద లేవు" అని రాస్తే, నూరేళ్ళ తర్వాత చదివేవారికి కూడా ఆ వాక్యం పనికివస్తుంది.

ఎత్తు, వెడల్పు, మందం, బరువు కొలవండి. మట్టి రంగు, అందులో కలిపిన ఇసుక, ఊక, అభ్రకం వంటివి రాయండి. దీపాన్నో టార్చినో పక్కవాటుగా, దాదాపు నేలకు సమాంతరంగా పట్టి చూస్తే, నేరుగా చూసినప్పుడు కనిపించని వేలిముద్రలు, పుల్లతో గీసిన గీతలు, రాలిపోయిన ఆభరణాల అచ్చులు పైకి తేలుతాయి. ముందు, వెనుక, పక్క, పై నుంచి, అడుగు నుంచి అన్ని వైపులా బొమ్మ గీయండి. ఫోటో ఉంది కదా అని గీయడం మానవద్దు. గీసేటప్పుడే కన్ను ప్రతి అంచు మీద ఆగుతుంది.

మూడవ అడుగు: చేసిన తీరును వెనక్కి చదవండి

హరప్పా స్త్రీ బొమ్మలు చేత్తో చేసినవి. వాటిలో చాలావాటిని రెండు నిలువు సగాలుగా చేసి, మధ్యలో కలిపి, పైన మట్టి పూసి నునుపు చేశారు. ముక్కును వేళ్ళతో నొక్కి లేపారు, కళ్ళను మట్టి గింజలుగా అతికించారు, హారాలను సన్నని పట్టీలుగా వేశారు. ఇంత చిన్న బొమ్మ నిలవడానికి రెండు సగాలు అవసరం లేదు. అయినా అలా చేశారంటే, ఆ పద్ధతికి వారి దృష్టిలో ఏదో అర్థం ఉండి ఉండవచ్చని హరప్పా బొమ్మలపై లోతుగా పనిచేసిన షారీ క్లార్క్ సూచించారు. వ్యాఖ్యాతకు మాత్రం ఇందులో వెంటనే పనికివచ్చే విషయం మరొకటి ఉంది: ఇటువంటి బొమ్మ నిలువునా చీలి సగమే దొరికితే, అది దెబ్బకు చీలిందని అనుకోకూడదు, అతుకు విడిపోయి ఉండవచ్చు.

సంగారెడ్డి జిల్లా కొండాపూర్ బొమ్మలు దీనికి పూర్తిగా భిన్నమైనవి. హైదరాబాదు సంస్థానపు పురావస్తు శాఖ 1940 దశకం తొలినాళ్ళలో తవ్విన ఈ శాతవాహన పట్టణంలో తెల్లని సుద్దమట్టితో, ముందుకొకటి వెనుకకొకటి రెండు అచ్చుల్లో నొక్కి, లోపల బోలుగా ఉంచి కలిపిన బొమ్మలు దొరికాయి. జుట్టు ముడులు, చెవి కమ్మలు అచ్చులోనే ఎంతో సున్నితంగా పడ్డాయి. అటువంటి బొమ్మ అతుకు వెంట విడిపోతే ముందు సగం ఒక ఫలకంలా కనిపిస్తుంది. గోడకు తగిలించే ఫలకమని పొరపడే అవకాశం ఇక్కడే ఉంది. వెనక్కి తిప్పి చూడండి. లోపలి వైపు పల్లంగా ఉండి, మట్టిని అచ్చులోకి అదిమిన వేలి గుంతలు కనిపించి, అంచు వెంట తడిమట్టి పూసిన జాడ ఉంటే అది ఫలకం కాదు, సగం బొమ్మ.

రంధ్రాల విషయంలో ఇంకా నిదానం కావాలి. బోలు బొమ్మను కాల్చేటప్పుడు లోపలి గాలి, ఆవిరి పోవడానికి దారి లేకపోతే పగిలిపోతుంది, అందుకోసం కుమ్మరి ఒక రంధ్రం వదులుతాడు. వేలాడదీయడానికి తాడు దూర్చే రంధ్రం వేరు. రెండో రకంలో తాడు లాగిన వైపు అంచు అరిగి నునుపెక్కుతుంది, చాలాసార్లు రంధ్రాలు జతగా ఉంటాయి. మొదటి రకంలో అంచు పుల్ల గుచ్చినప్పుడు లేచిన మట్టి గరుకుతోనే ఉండిపోతుంది. భూతద్దం కింద ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. రోమన్ నాణేల ముద్రతో చేసిన మట్టి బిళ్ళలు కొండాపూర్‌లో దొరికాయి, వాటికి పైన తాడు దూర్చే కొక్కెం ఉంది. అక్కడ వేలాడదీసే ఉద్దేశం గురించి అనుమానం అక్కర్లేదు. ప్రతి రంధ్రమూ అంత సూటిగా చెప్పదు.

నాల్గవ అడుగు: విరుపును చదవండి

అన్ని అడుగుల్లో ఎక్కువ సమయం ఇవ్వవలసినది దీనికే. విరుపు అంటే పోయిన భాగం గురించిన విచారం మాత్రమే కాదు, బొమ్మ జీవితంలో జరిగిన ఒక సంఘటన నమోదైన చోటు. ప్రతి విరిగిన తలాన్ని విడిగా, ఒక అంకె ఇచ్చి, ఈ ప్రశ్నలు వేయండి.

ఇది కొత్తదా, పాతదా? పై తలమంతా ఉప్పు, సున్నపు పొర పట్టి, విరిగిన తలం మాత్రం శుభ్రంగా, అంచు పదునుగా ఉంటే, అది తవ్వేటప్పుడో, గోదాములోనో విరిగింది. అప్పుడు చేయవలసిన పని వ్యాఖ్యానం కాదు, జల్లెడలోను, అదే రోజు నిండిన సంచుల్లోను మిగతా ముక్కను వెతకడం. పై తలం మీది పొరే విరిగిన తలం మీదికి కూడా పాకి ఉంటే, నేలలో చేరేసరికే విరిగి ఉంది.

అతుకు విడిందా, ఒళ్ళు విరిగిందా? అతుకు విడిన చోట తలం కొంత నునుపుగా ఉంటుంది, పట్టు కోసం గీసిన గీతలో, అతికించేటప్పుడు పడిన వేలి గుర్తులో కనిపిస్తాయి. ఒళ్ళు విరిగిన చోట మట్టి గరుకుగా, కలిపిన ఇసుక రేణువులు బయటపడి ఉంటాయి. పట్టీలు, తలకట్లు ఊడిపోయిన చోట లేత రంగు మచ్చ మిగులుతుంది. ఆ మచ్చను చూడకుండా "ఆభరణాలు లేని స్త్రీ" అని రాసి, దాని మీద సామాజిక భేదాల సిద్ధాంతం కట్టడం చాలా సులభం, చాలా ప్రమాదం కూడా.

కాలిన తర్వాత విరిగిందా, ముందేనా? సరిగా గాలి తగలని కుమ్మరి ఆవంలో (కుండలు కాల్చే బట్టీలో) కాలిన మందపాటి బొమ్మకు పైన ఎరుపు, లోపల బూడిద లేదా నలుపు రంగు ఉంటుంది. విరిగిన తలంలో ఈ పొరలు స్పష్టంగా కనిపిస్తే కాలిన తర్వాత విరిగింది. విరిగిన తలం కూడా పైభాగంలాగే ఏకంగా ఎర్రబడి ఉంటే ఆవంలో ఉండగానే విరిగి ఉండవచ్చు, అంటే అది ఎవరూ వాడని వస్తువే కావచ్చు. మసి విరిగిన తలం మీదికి పాకి ఉంటే, విరిగిన తర్వాత నిప్పులో పడింది. ఆ మసిని దీపం మసి అనుకుంటే కథంతా మారిపోతుంది.

వేడికి పగిలిందా, దెబ్బకా? తడి ఆరని మట్టి మంటలో పడితే ఆవిరి ఒత్తిడికి పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది. చెక్ దేశంలోని మొరావియా ప్రాంతంలో, డోల్నీ వెస్టోనిట్సే అనే మంచుయుగపు స్థలంలో, 1925లో రెండు ముక్కలుగా దొరికిన ప్రసిద్ధ స్త్రీ బొమ్మతోపాటు వేలాది మట్టి ముక్కలు బయటపడ్డాయి. పమేలా వాండివర్, ఓల్గా సోఫర్ తదితరులు 1989లో వాటి విరుపులను పరిశీలించి, చాలావాటిలో వేడి దెబ్బకు పగిలిన లక్షణాలున్నాయని, తడి బొమ్మను నిప్పులో వేసి పగలనివ్వడమే అక్కడి ఉద్దేశం కావచ్చని ప్రతిపాదించారు. ఆ వాదనను అందరూ ఒప్పుకోనక్కరలేదు. కానీ "బొమ్మ అంటే దాచుకోవడానికి చేసేది" అని మనం అడక్కుండానే పెట్టుకున్న నమ్మకాన్ని విరుపు ఒక్కటే ఎలా కదిలించగలదో చూడడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కావాలని విరిచారా? ఈ మాట అనడానికి ఒక్క ముక్క చాలదు. మెడ, చేతులు, కొమ్ములు, కాళ్ళు సన్ననివి, కింద పడితే ముందు పోయేవి అవే. అందుచేత తలలేని బొమ్మలు ఎక్కువగా దొరకడం తలలు నరికారనడానికి సాక్ష్యం కాదు. అదే రకం మట్టితో నకళ్ళు చేసి, కాల్చి, వేర్వేరు ఎత్తుల నుంచి నేల మీదికి వదిలి, ఏ భాగాలు ఎంత తరచుగా పోతున్నాయో లెక్క వేయండి. అసలు బొమ్మల్లో మందపాటి నడుమో ఛాతీయో అంతకంటే చాలా ఎక్కువగా విరిగి ఉంటే, లేదా దెబ్బ తగిలిన బిందువు నుంచి గీతలు వ్యాపించి ఉంటే, అప్పుడు ఉద్దేశం గురించి మాట్లాడవచ్చు. ఒకే బొమ్మ ముక్కలు దూరదూరపు ఇళ్ళల్లో దొరికితే ఆ వాదనకు ఇంకా బలం వస్తుంది కాబట్టి, ముక్కలను ఒకే గుంటలోవాటితోనే కాక మిగతా గుంటలవాటితో కూడా జత కలిపి చూడాలి.

లేనిదంతా విరిగినదే అనుకోవద్దు. దక్కనులో క్రీస్తుశకం తొలి శతాబ్దాల నుంచి కనిపించే లజ్జాగౌరి అనే దేవత ప్రతిమల్లో చాలావాటికి తల మొదటి నుంచీ ఉండదు, కొన్నింటికి తల ఉండవలసిన చోట తామర ఉంటుంది. మెడ పైతలం నునుపుగా ముగిసి, పూత దాని మీదికి కూడా వచ్చి ఉంటే అది పూర్తి బొమ్మే.

ఉన్నదంతా అసలుదీ కాకపోవచ్చు. టర్కీలోని చాటల్‌హోయుక్‌లో 1961లో జేమ్స్ మెల్లార్ట్ తవ్వకంలో, ధాన్యం నిలవచేసే గాదెలో దొరికిన, రెండు జంతువుల మధ్య కూర్చున్న స్త్రీ బొమ్మను ప్రపంచమంతా ఎరుగును. ఆ బొమ్మకు ఇప్పుడు కనిపించే తల తర్వాత చేసి పెట్టినది. సింధు బండ్లకు మ్యూజియం అద్దాల వెనుక కనిపించే చెక్క ఇరుసు, కాడి, పక్క కర్రలు కూడా మన కాలపువే, అసలు కర్ర ఎప్పుడో పుచ్చిపోయింది. ప్రదర్శనలో ఉన్న వస్తువును చదివేటప్పుడు ఏది మట్టి, ఏది మరమ్మతు అన్నది ముందు తేల్చుకోవాలి.

ఐదవ అడుగు: అరుగుదల, మసి, రంగు

విరిగిన అంచు గుండ్రంగా అరిగి ఉంటే, విరిగాక కూడా ఆ ముక్క చేతుల్లోనో కాళ్ళ కిందో తిరిగిందని అర్థం. ఒకే వైపు, చేయి పట్టే చోట మాత్రమే నునుపు ఉంటే వాడుక. అన్ని వైపులా సమంగా ఉంటే నీటి ప్రవాహమో, నేల రాపిడో. అడుగుభాగం చూడండి: నిలబెట్టి ఉంచిన బొమ్మ అడుగున రాపిడి ఉంటుంది, సొంతంగా నిలవలేని బొమ్మను గోడకు ఆనించారో, మెత్తటి నేలలో గుచ్చారో, చేత్తో పట్టుకున్నారో ఆలోచించాలి.

మొహెంజోదారో స్త్రీ బొమ్మల్లో కొన్నింటి తలకట్టు పక్క గిన్నెల్లో నల్లని మరకలు ఉండడాన్ని తొలి తవ్వకందారులే గమనించారు, వాటిలో నూనెనో ధూపాన్నో వెలిగించి ఉంటారని భావించారు. మంచి పరిశీలన. కానీ మరక దీపం మసా, జుట్టు నల్లగా కనిపించడానికి పూసిన రంగా అన్నది కంటితో తేలదు, ప్రయోగశాలకు పంపాలి. కడగని ముక్కలే అందుకు పనికివస్తాయి, మొదటి అడుగులో చెప్పిన జాగ్రత్త అందుకే.

వేలిముద్రలను కూడా వదలకండి. గీతల మధ్య దూరాన్ని కొలిచి, చేసినవారు పిల్లలా పెద్దలా అన్నది కొంతవరకు అంచనా వేయవచ్చు. మట్టి కాలినప్పుడు కుదించుకుపోతుంది కనుక ఆ మేరకు సవరించుకోవాలి. వంకరటింకరగా ఉన్న ఎద్దు "నాసిరకం పని" కాకపోవచ్చు, పిల్లవాడి చేతిపని కావచ్చు.

ఆరవ అడుగు: చివరికి ఎక్కడికి చేరింది

వాడిన చోట, పారేసిన చోట, కొట్టుకొచ్చిన చోట, ఈ మూడూ వేరు. హరప్పా బొమ్మల్లో అత్యధికం వీధి పూడికల్లో, చెత్తలో, గోడల మధ్య నింపుడు మట్టిలో దొరికాయి. గుడి అనదగిన చోట వరుసగా పేర్చి దొరకలేదు. చెత్తలో దొరికితే పవిత్రం కాదని తేలిపోదు. వ్రతం పూర్తయ్యాక విలువ తీరిపోయే వస్తువులు ఎన్నో ఉంటాయి. అయితే ఇది తరతరాలు ప్రతిష్ఠించి కొలిచిన మూర్తి అన్న వాదన మాత్రం దీనివల్ల బలహీనపడుతుంది.

ఒక్క వస్తువు చెప్పినదాన్ని ఆ రకం వస్తువులన్నిటికీ అంటగట్టడం ఎంత తప్పో ముక్కోణపు బిళ్ళలు చూపిస్తాయి. రాజస్థాన్‌లోని కాలీబంగన్‌లో బి.బి. లాల్, బి.కె. థాపర్ 1960 దశకంలో జరిపిన తవ్వకాల్లో దొరికిన ఒక బిళ్ళకు ఒక వైపు కొమ్ములున్న ఆకారం, రెండో వైపు తాడు కట్టిన జంతువును లాగుతున్న మనిషి గీసి ఉన్నాయి. అగ్నివేదికలుగా గుర్తించిన గుంటల్లో కూడా అక్కడ మట్టి బిళ్ళలున్నాయి. కానీ గీతలేవీ లేని అవే బిళ్ళలు నాగరికత అంతటా పొయ్యిల్లో, ఆవాల్లో, నేల పరుపుల్లో, మురుగు కాలువల దగ్గర కుప్పలుగా దొరుకుతాయి. వాటిలో ఎక్కువ భాగం వేడిని నిలిపి ఉంచడానికో, నేల గట్టిపడడానికో వాడినవని అనుకోవడమే సమంజసం. ఆ ఒక్క బిళ్ళ దానికదే ప్రత్యేకం.

ప్రాంతభేదం కూడా చూడాలి. సింధ్, పంజాబ్ ప్రాంతాల్లో అంత విరివిగా ఉన్న స్త్రీ బొమ్మలు కాలీబంగన్‌లో, గుజరాత్‌లోని లోథాల్‌లో చాలా అరుదు. కనుక "సింధు ప్రజలందరూ మాతృదేవతను కొలిచారు" అన్న వాక్యాన్ని రాసేవారు, ఆ బొమ్మలు లేని ఊళ్ళ సంగతి కూడా చెప్పవలసి ఉంటుంది.

ఏడవ అడుగు: ఉపయోగాలను పక్కపక్కన పెట్టి పరీక్షించండి

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఒకే సమాధానం వెతకకుండా, సాధ్యమైన ఉపయోగాలన్నీ రాసి, ఒక్కోదానికి "ఇది నిజమైతే వస్తువు మీద ఏ గుర్తు ఉండాలి?" అని అడగండి. చిన్న బొమ్మలన్నిటినీ ఒకే దేవతగా చూసే అలవాటును 1968లో పురావస్తు పరిశోధకుడు పీటర్ అకో గట్టిగా ప్రశ్నించారు. తర్వాత ఇరాన్‌లోని హాజీ ఫిరోజ్ బొమ్మలపై పనిచేసిన మేరీ వోయిట్, పూజావస్తువు, మంత్రప్రయోగ సాధనం, బోధన సాధనం, ఆటవస్తువు అన్న విభాగాలకు ఎటువంటి రూపం, అరుగుదల, పారవేత ఉంటాయో 1983లో ఒక క్రమంలో పెట్టి చూపారు. ఆ దారి ఇప్పటికీ నడవదగినదే.

మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి బిళ్ళను తీసుకుందాం. అది బండి చక్రమా, నూలు వడికే కదురు బిళ్ళా? ఒక వైపు చదునుగా, మరో వైపు చక్రపు కుండలా (ఇరుసు దూరే నడిమి దిమ్మలా) ఉబ్బి ఉంటే బండి చక్రమని చెప్పడానికి బలం ఉంది. రంధ్రం లోపలి గోడ చుట్టూ ఇరుసు తిరిగిన నునుపు, బయటి అంచున నేల రాపిడి ఉంటే ఆ బలం పెరుగుతుంది. రెండు వైపులా సమంగా, తేలికగా, రంధ్రం సన్నగా ఉంటే కదురు బిళ్ళ కావడానికి అవకాశం ఎక్కువ. హరియాణాలోని బనావలీ, రాఖీగఢీ వంటి చోట్ల దొరికిన కొన్ని చక్రాల మీద కేంద్రం నుంచి అంచుకు వెళ్ళే గీతలున్నాయి. అవి ఆకులున్న (నడిమి నుంచి అంచుకు కర్రలు బిగించిన) చక్రాన్ని చూపుతున్నాయని కొందరు, అలంకారమేనని కొందరు వాదిస్తారు. నా ఉద్దేశంలో, పూర్తిగా నిండుగా ఉన్న బిళ్ళ మీద గీసిన గీత ఒక్కదానితో నిజమైన బండి నిర్మాణాన్ని తేల్చడం కుదరదు. బండి చట్రాల రంధ్రాలు మాత్రం ఇంకా బాగా మాట్లాడతాయి. నొగ (బండిని కాడికి కలిపే పొడవాటి కర్ర) ఎక్కడ దూరేది, పక్క కర్రలు ఎక్కడ నిలిచేవి అన్నది వాటినుంచే తెలుస్తుంది. బనావలీలో దొరికిన మట్టి నాగలి నమూనా కూడా ఇలాంటిదే: అది ఆటకో మొక్కుకో తెలియకపోయినా, నాగలి రూపం మాత్రం చెబుతుంది. వాడుక తేలని వస్తువు కూడా మరో ప్రశ్నకు జవాబు ఇవ్వగలదు.

తల ఆడే ఎద్దు ఉంది. తలను వేరుగా చేసి, మెడలో తాడుతో కట్టి, లాగితే ఊగేలా ఏర్పాటు చేశారు. బోలు పొట్టతో, ఒక రంధ్రంతో ఉన్న పిట్ట ఈల ఉంది. వీటిని ఆటవస్తువులనడానికి ఆ ఏర్పాటే ఆధారం. అరచేతిలో సగం కూడా నిండని కొమ్ముల ముఖాల విషయం అలా కాదు. పక్కల జత రంధ్రాలున్నా, మనిషి ముఖానికి కట్టుకునేవి కావని పరిమాణమే చెబుతోంది. తోలుబొమ్మ వంటిదానికి కట్టారా, మెడలో రక్షగా వేసుకున్నారా అన్నదానికి రెండు వైపులా అవకాశం ఉంది. రంధ్రపు అరుగుదల ఏ దిక్కుగా ఉందో చూడకుండా ఎటూ మొగ్గకండి.

ఎనిమిదవ అడుగు: నేటి ఆచారంతో పోలిక, దాని హద్దు

ఉత్తర కర్ణాటకలోను, దానికి ఆనుకొని ఉన్న కర్నూలు ప్రాంతపు పల్లెల్లోను జ్యేష్ఠ మాసపు అమావాస్యకు పుట్టమట్టితోనో చెరువు మట్టితోనో ఎద్దులను చేసి పూజిస్తారు. పూజ ముగిశాక అవి మళ్ళీ మట్టే. మన ఇళ్ళల్లో సంక్రాంతికో దసరాకో పెట్టే బొమ్మల కొలువులో దేవుడి బొమ్మ పక్కనే కూరగాయల అంగడి, పెళ్ళి ఊరేగింపు కూర్చుంటాయి. పూజావస్తువు, ఆటవస్తువు అని రెండు గడులు గీసి ప్రతి బొమ్మనూ ఏదో ఒకదానిలో వేయాలనుకోవడం ఎంత పొరపాటో ఈ ఆచారాలు చెబుతాయి. ఒకే వస్తువు ఉదయం ఒకటి, సాయంత్రం మరొకటి కావచ్చు.

అయితే ఈ ఆచారాలు అవకాశాన్ని చూపుతాయే తప్ప రుజువు కావు. బలూచిస్తాన్‌లోని నౌషారోలో దొరికిన కొన్ని స్త్రీ బొమ్మలకు నల్లని జుట్టు మధ్య పాపిటలో ఎర్రరంగు ఉంది. దాన్ని నేటి సిందూరానికి మూలమని తరచు చెబుతారు. పాపిటలో ఎరుపు ఉందన్నది వాస్తవం. అది పెళ్ళయిన గుర్తు అన్నది నాలుగున్నర వేల ఏళ్ళ దూరాన్ని ఒక్క గెంతులో దాటిన ఊహ. మధ్యలో ప్రతి కాలంలోను ఆ ఆచారం సాగిందని చూపగలిగితేనే ఆ మాట నిలుస్తుంది.

తొమ్మిదవ అడుగు: ఎంత తెలిస్తే అంతే రాయండి

తుది నమోదులో చూసినది, దానినుంచి తేల్చినది, ఊహించినది మూడు వేరువేరు పేరాలుగా ఉండాలి. ఒక ఊహాజనిత ముక్కకు నమూనా ఇస్తున్నాను.

"కాల్చిన మట్టి, చేత్తో చేసిన స్త్రీ ఆకారపు పై సగం, ఎత్తు 6.2 సెం.మీ. ఎడమ గిన్నె ఉంది, కుడిది లేదు. నడుము దగ్గర విరుపు పాతది, మధ్య నలుపు పొర కనిపిస్తోంది, అంచు కొద్దిగా అరిగింది. మెడ మీద పట్టీ ఊడిన మచ్చ ఉంది. ఎడమ గిన్నెలో నల్లని మరక, విరిగిన తలం మీద లేదు. వీధి పూడికలో బోర్లా దొరికింది.

బొమ్మ కాలిన తర్వాత విరిగింది, విరిగాక కొంతకాలం బయట తిరిగింది, పారేసిన స్థితిలో దొరికింది. మరక విరగక ముందుది.

గిన్నెలో ఏదో వెలిగించి ఉండవచ్చు, రంగు పూసి ఉండవచ్చు. మొదటిదైతే మరకలో కొవ్వు జాడ, మట్టి మీద మళ్ళీ కాలిన గుర్తు ఉండాలి. పరీక్షకు మట్టి నమూనా దాచాము. దేవతా మూర్తి అనడానికి గాని, కాదనడానికి గాని ఈ ముక్కలో ఆధారం లేదు."

మూడో పేరాలో, ఏ కొత్త ఆధారం దొరికితే మీ అభిప్రాయం మార్చుకుంటారో కూడా రాయడం మరువకండి. "క్రతు సంబంధమైనది" అన్న మాటను, ఏ క్రతువు, ఎక్కడ, ఏ గుర్తు వల్ల అని చెప్పగలిగినప్పుడే వాడండి.

ముక్కలను జిగురుతో కలపాలనిపిస్తే ఆగండి. కలిపాక విరిగిన తలం మళ్ళీ కనిపించదు. ప్రదర్శన కోసం తప్పనిసరైతే, ముందు ప్రతి తలాన్నీ దగ్గరగా ఫోటో తీసి, కొలిచి, తర్వాత విప్పదగిన జిగురునే సంరక్షణ నిపుణుల చేత వాడించండి. కలపనివాటిని ఒక్కొక్కటి విడిగా, ఆమ్లం లేని కాగితంలో చుట్టి, ఒకదానికొకటి రాసుకోకుండా పెట్టెలో సర్దండి. దొరికిన గుంట, పొర, తేదీ రాసిన చీటీ ఒకటి సంచి లోపల, ఒకటి బయట ఉంచండి. జల్లెడలో దొరికిన గుర్తుతెలియని చిన్న పెచ్చులను కూడా అదే పెట్టెలో దాచండి, వాటిలో ఏదో ఒకటి పక్క గుంటలో ముందెప్పుడో దొరికిన భుజానికి అతకవచ్చు.